వేల్ షార్క్ కోసం వల కోసేస్తే ఆ నష్టం ఎవరిది?

వేల్ షార్క్ అనే పెద్ద సొరచేప వలలో పడితే వల కోసి వదిలేయమంటారు, మరి ఆ వల ఖరీదు ఎవరిస్తారు, అసలు ఈ రూల్ వేటకెళ్ళేవాళ్ళు పాటిస్తారా అని అడిగారు కదా అన్నా. పాటిస్తారు, నేను కళ్ళారా చూశాను.

మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు నుంచి చాలామంది గుజరాత్ వేరావల్ వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు, నేనూ కొన్నేళ్ళు చేశాను. ఒకసారి వల లాగుతుంటే ఎంతకీ రావట్లేదు, చూస్తే బోటులో సగం పొడవున్న చేప, ఒళ్ళంతా తెల్ల చుక్కలు. మా తండేలు, అంటే బోటు నడిపే పెద్ద, ముందు ఫోటోలు తీయించి వెంటనే వల కోయించేశాడు, ఎవరూ నోరెత్తలేదు. ఎందుకంటే ఆ ఫోటోలు చూపిస్తే అక్కడి ఫారెస్ట్ వాళ్ళు వలకి డబ్బులిస్తారు. మొదట్లో అయితే ఆఫీసర్లు వచ్చి చూసేదాకా ఆగాల్సొచ్చేదట, ఈలోగా పాపం చేప నీరసించిపోయేది, తర్వాత బోట్లకి కెమెరాలిచ్చి ఫోటో చాలన్నారు. నా దృష్టిలో అసలు మార్పు అక్కడే వచ్చింది.

1990ల్లో అదే తీరంలో వీటిని కొక్కేలతో వేటాడి చంపేవాళ్ళు, లివర్ నూనె చెక్క బోట్లకి పూసేవాళ్ళు, మాంసం ఎగుమతి చేసేవాళ్ళు. 2001లో కేంద్రం దీన్ని వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ 1లో పెట్టింది, అంటే పులికున్న రక్షణే దీనికీ, కానీ ఆ సంగతి సముద్రం మీద తిరిగేవాళ్ళకి ఎవరు చెప్పాలి? 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా వాళ్ళు ప్రచారం మొదలెట్టి గుజరాత్‌లో రామకథ చెప్పే మొరారీ బాపు చేత చెప్పించారు, ఇది పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల, దీన్ని చంపుతామా అని. ఆ మాట ఊళ్ళలో బాగా నాటుకుంది. అప్పట్నుంచి వందల కొద్దీ వదిలేశారు.

మన దగ్గరా జరిగింది, 2021 డిసెంబర్‌లో విశాఖ దగ్గర తంతడి బీచ్‌లో వలకి చిక్కి ఒడ్డుకొచ్చినదాన్ని జాలర్లు, ఫారెస్ట్ వాళ్ళు కలిసి మళ్ళీ సముద్రంలోకి పంపారు. నా బాధల్లా మిగతా చేపల గురించే. ముక్కు రంపంలా ఉండే చేప కూడా 2001 నుంచీ షెడ్యూల్ 1లోనే ఉంది, ఆ రంపం వలకి చుట్టుకుంటే కోయకుండా విడిపించడం చాలా కష్టం, ఇప్పుడది కనపడటమే అరుదైపోయింది. దాని కోసం వల కోసుకున్నవాడికీ డబ్బులివ్వాలని గట్టిగా అడగాలి మనం, తిండి పెట్టే వలని ఊరికే కోసుకోమంటే ఎవరు కోస్తారు చెప్పండి.

మీ ఊళ్ళో మత్స్యకార సొసైటీ ఉంటే ఫారెస్ట్ రేంజర్ నంబరు ముందే తీసుకుని బోటులో రాసిపెట్టించండి, వలకి డబ్బులెలా ఇస్తారో కూడా అప్పుడే అడిగేయండి. ఫోటోలో చేప, కోసిన వల రెండూ కనపడాలి. తోకకి తాడు కట్టి మాత్రం లాగొద్దు, దెబ్బ తగులుతుంది, వల కోసి వదిలితే అదే దిగిపోతుంది.