కప్పుల కంటే ముందు నోటీసు బోర్డు

అమ్మాయీ, ఆశీస్సులు.

తూర్పు జర్మనీలో పుట్టిన టుర్బీనె పోట్స్‌డామ్ మహిళల ఫుట్‌బాల్ క్లబ్బు మీద నువ్వు రాస్తున్న చరిత్ర మొదటి అధ్యాయం చదివాను. కథను 2010లో స్పెయిన్‌లోని గెటాఫేలో మొదలుపెట్టావు. ఫ్రాన్స్ జట్టు లియోన్‌తో ఫైనల్ ఆట 0-0, పెనాల్టీల్లో 7-6, చేతికి యూరప్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ కప్పు. 17 ఏళ్ల గోల్‌కీపర్ ఆనా ఫెలిసిటాస్ జార్‌హోల్ట్స్ రెండు బంతులు ఆపి, తన వంతు పెనాల్టీ కూడా గోల్ చేసింది. ఎవరికైనా అక్కడే మొదలుపెట్టాలనిపిస్తుంది. అయినా ఆ అధ్యాయాన్ని వెనక్కి జరుపు. ఈ క్లబ్బు ఎవరి నీడలో, ఎవరి డబ్బుతో బతికిందో ముందు చెప్పకపోతే ఆ కప్పు ఎంత పెద్దదో పాఠకుడికి అందదు.

నోటీసు బోర్డుతో మొదలుపెట్టు. 1971 కొత్త సంవత్సరం వేళ, పోట్స్‌డామ్‌లో విద్యుత్ సంస్థ ఉద్యోగుల క్రీడాసంఘం ఒక కాగితం అంటించింది: మహిళల ఫుట్‌బాల్ జట్టు పెడుతున్నాం, పేర్లివ్వండి అని. మార్చి 3న జట్టు ఏర్పడింది. ఇంజనీరు బెర్న్ట్ ష్రోడర్ కోచ్ అయ్యాడు. 1992 నుంచి 1997 దాకా తప్పిస్తే 2016 వరకూ ఆయనే. తూర్పు జర్మనీలో సంఘం పేరు వింటే ఏ పరిశ్రమదో తెలిసిపోయేది. రైల్వే వాళ్ళది లోకోమోటివ్, విద్యుత్తు వాళ్ళది టుర్బీనె, అంటే మనం అనే టర్బైనే. ఇది పేరు మొదటిసారి వచ్చినచోటే చెప్పెయ్యి. ఒకచోట టుర్బీనె, ఇంకోచోట టర్బైన్ అని రాయకు. రెండు క్లబ్బులనుకుంటారు.

"నిషేధాన్ని ధిక్కరించి ఆడారు" అన్న వాక్యం కొట్టెయ్యి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 1955లో ఆడవాళ్ళ ఆటను నిషేధించి, 1970 అక్టోబరు 31న ఆ నిషేధం ఎత్తేసింది పశ్చిమ జర్మనీ ఫుట్‌బాల్ సంఘం. తూర్పున నిషేధం లేదు, పట్టించుకోకపోవడం ఉంది. ఆడవాళ్ళ ఫుట్‌బాల్ అప్పట్లో ఒలింపిక్స్‌లో లేదు. ఒలింపిక్స్‌లో లేని ఆట పతకాలు తేదు, పతకాలు తేని ఆటకు సర్కారు సొమ్ము రాదు. నాకు నిషేధం కంటే ఇదే ఎక్కువ బాధగా తోస్తుంది. దీనికి కనీసం రెండు పేజీలు ఇవ్వు.

"12 సార్లు జాతీయ ఛాంపియన్" అన్న నీ లెక్క కూడికగా సరే, చరిత్రగా తప్పు. 1981, 82, 83, 85, 86, 89లో గెలిచిన ఆరూ తూర్పు జర్మనీవి. ఆ పోటీకి ఛాంపియన్‌షిప్ అనే పేరు కూడా ఇవ్వలేదు. "మేటి జట్టును తేల్చడం" అనే అర్థమొచ్చే మాట వాడారు. మిగతా ఆరు జర్మనీ అగ్రశ్రేణి లీగ్ బుండెస్‌లిగావి: 2004, 2006, ఆపైన 2009 నుంచి 2012 దాకా వరసగా నాలుగు. సీజన్ రెండేళ్ల మీద నడుస్తుంది కాబట్టి ముగిసిన ఏడాదే వెయ్యి, అంతటా అదే పద్ధతి పాటించు. 2005లో గెలిచింది యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఎఫా నడిపే మహిళల కప్పు. దాని పేరు ఛాంపియన్స్ లీగ్‌గా మారాక మొదటి కప్పు 2010ది. విద్యుత్ సంస్థ సంఘం నీడ నుంచి వచ్చి, మహిళల ఫుట్‌బాల్ కోసమే సొంత క్లబ్బుగా నమోదైంది 1999 ఏప్రిల్ 1న. అంతకు ముందరి విజయాలకు కొత్త పేరు తగిలించకు.

1990 మే 9 నీ రాతప్రతిలో ఒక్క పంక్తే. దాన్ని పెంచు. బెర్లిన్ గోడ కూలి ఆరు నెలలు, దేశం కలిసిపోవడానికి ఇంకో ఐదు నెలలు. తూర్పు జర్మనీ మహిళల జాతీయ జట్టు పోట్స్‌డామ్‌లోని కార్ల్ లీబ్‌క్నెఖ్ట్ మైదానంలో చెకోస్లొవేకియాతో ఆడి 0-3తో ఓడింది. ఆ జట్టుకు అదే మొదటి ఆట, అదే చివరిది. అక్కడ విశేషణాలేవీ వాడకు. తేదీ, స్కోరు, ఖాళీ అయిన మైదానం చాలు.

పతనాన్ని "దురదృష్టం" అని ఒక మాటతో దాటేశావు. కారణం డబ్బు. 2013 నుంచి 2025 దాకా లీగ్ టైటిళ్ళన్నీ వోల్ఫ్స్‌బుర్గ్, బయర్న్ పంచుకున్నాయి. రెండింటి వెనకా మగవాళ్ళ పెద్ద క్లబ్బులున్నాయి. పాత ప్రత్యర్థి, మహిళల క్లబ్బు ఎఫ్‌ఎఫ్‌సీ ఫ్రాంక్‌ఫర్ట్ కూడా 2020లో ఆ ఊరి మగవాళ్ళ పెద్ద క్లబ్బు ఐన్‌ట్రాఖ్ట్‌లో కలిసిపోయింది. ఒంటరిగా నిలిచిన పోట్స్‌డామ్ 2023లో కింది లీగ్‌కు పడి, 2024లో పైకొచ్చి, 2025లో మళ్ళీ పడింది.

తిరగరాసే ముందు ఒక పట్టిక గీసుకో: ఏడాది, అప్పటి క్లబ్బు పేరు, ఆడిన పోటీ పేరు, ఖర్చు భరించినవారు. నాలుగో గడి ఖాళీగా ఉన్న ఏడాది మీద ఇంకా పేరా రాయకు. ఆ పట్టికే ముందు పంపు, అధ్యాయం తరవాత చూస్తాను.