అమ్ములూ, ఆఫ్‌కాన్‌కి వెళ్తున్నావట

అమ్ములూ,

2027లో ఉగాండా, కెన్యా, టాంజానియా మూడూ తిరిగి ఆఫ్‌కాన్, అదే ఆఫ్రికా దేశాల ఫుట్‌బాల్ కప్పు, మ్యాచ్‌లు చూస్తానన్నావట. మీ అమ్మ ఒకటే గోల, ఎలాగైనా మాన్పించమని. "జోహానెస్‌బర్గ్‌లో ఉన్నోడివి, నీ మాటైతే వింటుందిరా" అంటుంది. నేను మాన్పించను. కంపాలాలో ఉద్యోగానికి వెళ్లినదానివి, ఆఫీసు వాళ్లతో కలిసి ఉగాండా జట్టు క్రేన్స్ జెర్సీ వేసుకుని అరుస్తున్న ఫొటో పెట్టావు చూడు, అది మా వాకింగ్ బ్యాచ్‌లో చూపించని మనిషి లేడు. 1978లో ఫైనల్ దాకా వెళ్లి ఘనా చేతిలో ఓడిన ఉగాండా మళ్లీ ఆ టోర్నీలో అడుగుపెట్టింది 2017లో. అంతకాలం ఎదురుచూసిన జనం మధ్య కూర్చుని, వాళ్ల దేశంలోనే ఆట చూడబోతున్నావు. వెళ్లు. నాకు భయం లేదని కాదు, కానీ అది మీ అమ్మ భయం లాంటిది కాదు.

చిన్నవి ముందు చెప్పేస్తా. ఎల్లో ఫీవర్ టీకా కార్డు పాస్‌పోర్ట్‌లోనే పెట్టుకో. హైదరాబాద్ నుంచి వస్తామంటున్న నీ ఫ్రెండ్స్‌కి చెప్పు, కెన్యా, ఉగాండా, రువాండాలకి కలిపి ఇచ్చే టూరిస్ట్ వీసా ఉంది గానీ అందులో టాంజానియా రాదు, దానికి వేరే తీసుకోవాలి. వువుజెలా, ఆ పొడుగాటి ప్లాస్టిక్ బూర, పక్కన ఊదితే చెవులు పోతాయి, బ్యాగులో దూది ఉంచుకో. రాత్రి మ్యాచ్ అయ్యాక బోడా బోడా, అదే బైక్ టాక్సీ, ఎక్కొద్దు, హెల్మెట్ ఇచ్చినా సరే. దారెస్సలాంలో ఎవరైనా "సింబానా, యాంగానా?" అని అడిగితే నవ్వి ఊరుకో. అవి అక్కడి రెండు ఫుట్‌బాల్ క్లబ్బులు, ఎరుపు సింబా వాళ్లకీ, ఆకుపచ్చ పసుపు యాంగా వాళ్లకీ మధ్య ఇంట్లో అన్నదమ్ములే మాట్లాడుకోరు, నీకెందుకు.

ఇప్పుడు అసలు సంగతి. గేట్లు.

2010 జూన్ 6. ఇక్కడ దక్షిణాఫ్రికాలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఇంకో ఐదు రోజుల్లో మొదలవుతుంది, ఊరంతా మా జట్టు పసుపు జెర్సీలే, శుక్రవారం వస్తే బ్యాంకు క్లర్కులు కూడా అవే వేసుకొచ్చేవాళ్లు. మేం మిడ్‌రాండ్‌లో ఉండేవాళ్లం, పక్కనే టెంబిసా. అక్కడ మఖులాంగ్ స్టేడియంలో నైజీరియాకీ ఉత్తర కొరియాకీ ప్రాక్టీస్ మ్యాచ్, టికెట్లు ఫ్రీ. నా రూమ్మేట్ గుంటూరు కుర్రాడు, ఫ్రీ అనేసరికి స్నానం కూడా చెయ్యకుండా బయల్దేరాడు. ఆ స్టేడియం పెద్దదేం కాదు, వచ్చిన జనం మాత్రం ఊరు ఊరంతా. నేను రోడ్డు పక్కన మకరాపా బేరమాడుతున్నా. గని కార్మికుల హెల్మెట్‌ని కోసి, వంచి, రంగులేసి కిరీటంలా చేస్తారే, అది. వాడు ఆగలేదు, "నువ్వు బేరం కానివ్వు, నేను లైన్‌లో నిలబడతా" అని గేటు వైపు వెళ్లిపోయాడు. అక్కడ లైనెక్కడిది? వెనకవాళ్లు తోస్తున్నారు, ముందు గేటు వేసుంది, మధ్యలో నలిగేవాళ్ల అరుపులు వెనక్కి వినబడవు, ఎందుకంటే అందరూ వువుజెలాలు ఊదుతున్నారు. గేటు తెరుచుకోగానే ముందు వరస మొత్తం కింద పడింది. మావాడి కాలి చెప్పు ఊడింది. వంగాడు. ఆ ఒక్క పనే అమ్ములూ, చెప్పు కోసం వంగాడు, మళ్లీ లేవలేకపోయాడు. నైజీరియా జెర్సీ వేసుకున్న ఆజానుబాహువు ఎవరో కాలర్ పట్టుకుని పైకి లాగి గోడ వైపు విసిరేశాడు గానీ లేకపోతే వాళ్ల నాన్నకి నేనేం చెప్పేవాణ్ణో. ఆరోజు పదిహేను మంది దాకా గాయపడ్డారు, ఒక పోలీసుకి తీవ్రంగా తగిలింది, ఆట కూడా మధ్యలో కాసేపు ఆపారు. మావాడికి పక్కటెముకలు చాలాకాలం నొప్పెట్టాయి. తిరుమలలో క్యూ కాంప్లెక్సులోకి కూడా వెళ్లడిప్పుడు, బయటి నుంచే దణ్ణం పెట్టుకుంటాడు.

ఇదంతా ఆఫ్రికాలో అంతే అంటుంది మీ అమ్మ. ఆమెకి గట్టిగానే చెప్పా. 2022లో కామెరూన్ ఆఫ్‌కాన్‌లో ఒలెంబే స్టేడియం గేటు దగ్గర ఎనిమిది మంది చనిపోయారు, తెరిచి ఉండాల్సిన గేటు మూసి ఉందని ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య సీఏఎఫ్ అధ్యక్షుడు మోట్సెపేనే అన్నాడు. మరి 2015లో మన రాజమండ్రి పుష్కర ఘాట్‌లో 27 మంది? మొన్న 2025లో బెంగళూరు స్టేడియం బయట 11 మంది? ఎక్కడైనా ఒకటే, మూసిన గేటు, దాని ముందు పెరిగే జనం, లోపల చోటుందో లేదో చెప్పే నాథుడు లేకపోవడం.

నువ్వు వెళ్లబోయే నైరోబీ కసరానీ స్టేడియంలోనే 2025లో చాన్ టోర్నీలో, అదే సొంత దేశ లీగుల్లో ఆడేవాళ్లకి పెట్టే ఆఫ్రికా పోటీలో, టికెట్ లేనివాళ్లు తోసుకుని లోపలికొస్తే, తర్వాతి మ్యాచ్‌కి 27,000 మందినే రానివ్వమని సీఏఎఫ్ కత్తెర వేసింది. కాబట్టి ఫ్రీ మ్యాచ్ అంటే వెళ్లకు. టికెట్ లేకుండా స్టేడియం దగ్గరికే పోకు, "లోపల తెలిసినవాళ్లున్నారు" అనేవాడి మాట నమ్మకు. రెండు మూడు గంటల ముందే లోపల కూర్చో, ఆకలేస్తే వేరుశనగలు నములు. ఛాతీ ముందు చేతులు అడ్డంగా పెట్టుకునే పరిస్థితి వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు, అయినా అలాగే పెట్టుకుని జనం కదిలినప్పుడల్లా పక్కకి, పక్కకి జరుగు, ఎదురు మాత్రం తొయ్యకు. ఫోన్ పడినా, చెప్పు ఊడినా, గొలుసు తెగినా వంగకు. ఫోన్ నేను కొనిస్తా. మ్యాచ్ అయిపోగానే లేవకు, సగం స్టాండ్ ఖాళీ అయ్యాక లే.

తిట్టినట్టుందా? మరి తిట్టకపోతే నువ్వు వినవు, చిన్నప్పుడూ అంతే.

అంత జరిగినా నేను ఆట మానలేదు. జులై 2న ఘనా, ఉరుగ్వే క్వార్టర్ ఫైనల్ టెంబిసాలోనే ఓ షెబీన్‌లో చూశా, ఇంటి ముందు గదిలో నడిపే బార్ అది. దక్షిణాఫ్రికా అప్పటికే ఇంటికెళ్లింది, ఆరు ఆఫ్రికా జట్లలో మిగిలింది ఘనా ఒక్కటే, దాంతో ఇక్కడివాళ్లు తమ జట్టు ముద్దుపేరు బఫానా బఫానాని మార్చి "బఘానా బఘానా" అని పాడుకున్నారు. చివరి నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ చేత్తో బంతి ఆపితే, వాళ్లందరూ గోగో, అంటే అమ్మమ్మ, అని పిలిచే ముసలావిడ టీవీ దగ్గరికెళ్లి జూలూలో వాణ్ణి కడిగేసింది. ఘనా తరఫున గ్యాన్ కొట్టిన పెనాల్టీ బార్‌కి తగిలింది. అందరూ అదే చెప్పుకుంటారు గానీ, నిమిషాల తర్వాత షూటౌట్‌లో ఘనా వైపు నుంచి మొదట వచ్చి కొట్టింది కూడా అతనే, గోల్ చేశాడు. ఓడిపోయారులే, 4-2. మర్నాడు మా సెక్యూరిటీ గార్డు ఘనా జెండా భుజాన వేసుకునే డ్యూటీకొచ్చాడు.

ఆఫ్‌కాన్‌లో మాత్రం ఈ ఐకమత్యం ఆశించకు. వరల్డ్ కప్‌లో ఒక్కటయ్యే పొరుగువాళ్లు ఇక్కడ ఒకర్నొకరు ఏడిపించుకు తింటారు, కెన్యా వాడికి ఉగాండా ఓడితే పండగ. అదే మజా. ఉగాండా ఓడినా రూమ్‌లో ముసుగు తన్ని పడుకోకు, ఇంకో జట్టుని పట్టుకో.

టికెట్ రాగానే నాకు పంపు, ఏ గేటో చూస్తా. ఉగాండా, కెన్యా ఎదురెదురు పడితే ఇంకో టికెట్ దొరుకుతుందేమో కనుక్కో. మీ అత్తయ్యని ఇంకా అడగలేదు.

మావయ్య