కొనేముందు స్కేలు తీసుకో

చిరంజీవి స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పరిశోధనకు సీటు వచ్చిందనీ, మొదటి నెల స్కాలర్‌షిప్పుతో పుస్తకాలు చదువుకునే ఈ-రీడరు కొంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చేతికొచ్చిన తొలి డబ్బు చదువుకే ఖర్చు పెడుతున్నావని వినగానే కడుపు నిండిపోయింది. ఆ వెంటనే "ఆరంగుళాలది చూసిందక్కా, చిన్నగా ముద్దుగా ఉందట" అంది చూడు, అక్కడ గుండె జారింది. అందుకే పొద్దుటిదాకా ఆగకుండా రాస్తున్నాను. ఇప్పటికే ఆర్డరు పెట్టేసి ఉంటే మాత్రం పెట్టె సీలు విప్పకు.

ముందు నీ పుస్తకాలు చూసుకో. వచ్చే ఆరు నెలల్లో చదవాల్సిన వాటిలోంచి ఓ పదింటిని ఒక ఫోల్డరులో పడెయ్యి. అందులో ఈపబ్‌లు (రీడర్ల కోసమే చేసిన ఈ-పుస్తకాల ఫైళ్ళు) ఎన్ని, పీడీఎఫ్‌లు ఎన్ని, ఆ పీడీఎఫ్‌లలో పాత పుస్తకాన్ని పేజీ పేజీ ఫోటో తీసిన స్కాన్లు ఎన్ని? తెలుసుకోవడం తేలికే. పేజీని బాగా పెద్దది చేసి చూడు. ఎంత పెంచినా అక్షరం అంచు నున్నగా ఉంటే టైపు చేసింది. అంచులు చెదిరి, వెనక కాగితం మరకలు కనిపిస్తే స్కాను. మాట మీద వేలు పెడితే ఎంపికవుతోంది కదా అని మోసపోకు, కొన్ని స్కాన్ల అడుగున ఓసీఆర్ చేసిన, అంటే ఫోటోలోని అచ్చును కంప్యూటరు చదివి టైపు చేసిన, అక్షరాల పొర ఉంటుంది.

నీ పని పాత పత్రికల మీదట కదా. అంటే పదింటిలో ఎనిమిది స్కాన్లే తేలతాయి. ఇక ఇక్కడ అందరూ చేసే తప్పు గురించి చెప్తాను, ఓపిగ్గా విను. నేను చేసిందే, నాకు తెలిసినవాళ్ళలో సగంమంది చేసిందే: పీడీఎఫ్‌లు చదవడానికి ఆరంగుళాల రీడరు కొనడం.

ఈపబ్ నీళ్ళలాంటిది, ఏ గిన్నెలో పోస్తే ఆ ఆకారం. అక్షరం పెంచితే వరసలు వాటంతటవే సర్దుకుంటాయి, పేజీల సంఖ్య పెరుగుతుంది, అంతే. పీడీఎఫ్ కాలిన ఇటుక. అచ్చు వేసినప్పుడు ఏ కొలతకు బిగించారో ఆ కొలతే. తెర చిన్నదైతే పేజీ మొత్తాన్ని కుదించి చూపించడం తప్ప పాపం మిషనుకు మరో దారి లేదు.

ఆరంగుళాలంటే ఐమూలగా కొలిచిన లెక్క. నిజంగా నీకు దక్కేది 9 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల ఎత్తు. ఏ4 కాగితం 21 వెడల్పు, 29.7 ఎత్తు. ఆ పేజీ ఈ తెరలో పట్టాలంటే 41 శాతానికి కుదించుకుపోవాలి. 12 పాయింట్ల అక్షరం 5 పాయింట్లవుతుంది. ఇంగ్లీషు అక్షరమైతే కళ్ళు చికిలించి ఎలాగో లాక్కురావచ్చు. మన అక్షరం అలా కాదే తల్లీ. పైన గుడి, మధ్యన అక్షరం, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. 300 పీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలుండే తెర మీద 5 పాయింట్లంటే నిలువునా 21 చుక్కలు. "స్త్రీ" మొత్తం ఆ 21 చుక్కల్లోనే ఇరుక్కోవాలి. "ధ" కింద గీత చెదిరిపోతే "ద"గా కనిపిస్తుంది, "ఫ" కాస్తా "ప" అవుతుంది. నవలైతే సందర్భాన్ని బట్టి సరిదిద్దుకుని ముందుకు పోతావు. నువ్వు ఉటంకింపు రాసుకోవాలి, ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు ఎత్తి రాయాలి. అక్కడ ఊహకు చోటు లేదు. పైగా స్కాను మొదటే మసగ్గా ఉంటే తెర ఎంత నాణ్యమైనదైనా ఒరిగేదేమీ లేదు.

"వేళ్ళతో పెద్దది చేసుకుంటాలే" అంటావు, తెలుసు. ఈ రీడర్లలో ఉండే ఈ-ఇంకు తెర అందుకు పుట్టలేదు. అందులో వెంట్రుకవాసి బుడగలుంటాయి, ఒక్కో బుడగలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. వాటికి వ్యతిరేక విద్యుదావేశాలు. కరెంటు దిశ మార్చినప్పుడల్లా ఒకటి పైకి తేలితే రెండోది కిందికి దిగుతుంది. పేజీ ఒకసారి నిలబడితే మళ్ళీ మార్చేదాకా కరెంటు అక్కర్లేదు, ఛార్జి వారాల తరబడి నిలిచే రహస్యం అదే. కానీ రేణువులు కదలడానికి సమయం పడుతుంది. నువ్వు పేజీని జరిపిన ప్రతిసారీ తెర మళ్ళీ గీసుకోవాలి, పాత పేజీ నీడ వెనక లీలగా మిగిలిపోతుంది. వరస చివరికి జరుపు, మళ్ళీ మొదటికి రా, అధోజ్ఞాపిక (ఫుట్‌నోటు) కోసం కిందికి దిగు. పది పేజీలయ్యేసరికి విసుగొచ్చి ఫోను చేతిలోకి తీసుకుంటావు.

అడ్డంగా తిప్పి, అంచుల్లోని తెల్లచోటు కత్తిరిస్తే కొంత మేలు. ఏ4లో చుట్టూ రెండున్నర సెంటీమీటర్ల అంచు పోతే రాత వెడల్పు 16 సెంటీమీటర్లే మిగులుతుంది. అడ్డంగా తిప్పిన ఆరంగుళాల తెర 12 సెంటీమీటర్లు ఇస్తుంది కాబట్టి 12 పాయింట్ల అక్షరం 9 దాకా నిలుస్తుంది. కానీ ఒక పేజీ రెండు మూడు ముక్కలవుతుంది, పట్టికలూ బొమ్మలూ మధ్యకు తెగుతాయి. ఉన్న రీడరుతో సర్దుకోవాల్సి వస్తే సరే. సర్దుకోవడానికని కొత్తది కొనుక్కుంటామా?

ఓసీఆర్ చేసి ఈపబ్‌గా మార్చుకోవచ్చని ఎవరో ఒకరు చెప్తారు. తెలుగుకూ పనిచేస్తుంది, కాదనను. పాత అచ్చులో ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, కూర్చుని దిద్దుకోవాలి. రెండు పేజీల వ్యాసానికి పర్వాలేదు, పత్రిక సంపుటానికి కుదరదు.

కాబట్టి ఇది చెయ్యి. నువ్వు ఎక్కువగా చదివే పీడీఎఫ్‌లోంచి ఒక ఏ4 పేజీ తీసి, ప్రింటు స్కేలు మార్చి మూడుసార్లు అచ్చు తియ్యి: 41 శాతం, 53 శాతం, 70 శాతం. మొదటిది ఆరంగుళాల తెరలో కనిపించే సైజు, రెండోది 7.8 అంగుళాల తెరది, మూడోది 10.3 అంగుళాలది. స్కేలుతో సరిచూసుకో, పేజీ ఎత్తు 12, 16, 21 సెంటీమీటర్లకు దగ్గరగా రావాలి. సాయంత్రం, కళ్ళు అలిసిపోయాక, మూడూ తీసుకుని ఇరవై నిమిషాలు చదువు. పొద్దున్నే తాజా కళ్ళతో చదివి "కనిపిస్తోందిగా" అనకు, ఆ పరీక్ష చెల్లదు. నీ పుస్తకాలు డెమ్మీ సైజువైతే, అంటే 14 సెంటీమీటర్ల వెడల్పు, 21.5 ఎత్తు, అవి 10.3 తెరలో దాదాపు అసలు కొలతలోనే కూర్చుంటాయి. 7.8లో ముప్పాతిక వంతు.

ఈ-ఇంకా, ట్యాబ్లెట్టా అన్నది దీని తర్వాతి మాట. ట్యాబ్లెట్టు వెలుగు తెర వెనక నుంచి నేరుగా నీ కంట్లోకి వస్తుంది. ఈ-ఇంకులో బల్బులు అంచున ఉండి తెర మీదికి కాంతి పరుస్తాయి, అది తిరిగి కంటికి చేరుతుంది. ఎండలో ఈ-ఇంకు కాగితంలా ఉంటుంది, ట్యాబ్లెట్టు అద్దమైపోతుంది. రంగుల పటాలు, బొమ్మల పత్రికలు, రెండు పీడీఎఫ్‌లు పక్కపక్కన పెట్టుకుని చకచకా అటూ ఇటూ తిప్పడం, ఇవి నీ పనిలో ఎక్కువైతే ట్యాబ్లెట్టే. రంగుల ఈ-ఇంకు వచ్చిందిగా అంటావేమో. కెలీడో 3 అనే రంగుల ఈ-ఇంకు తెరలో నలుపు తెలుపు 300 పీపీఐ అయితే రంగు 150 మాత్రమే, పైన రంగుల వడపోత ఉండటంతో కాగితం బూడిదరంగులోకి దిగుతుంది, పగలు కూడా లైటు పెంచుకోవాలి. పసుపెక్కిన స్కాన్లకు అది అసలే వద్దు.

నన్నడిగితే నీకు 10.3 అంగుళాల ఈ-ఇంకు, పెన్నుతో రాసుకునేది. ట్యాబ్లెట్టు వద్దనడానికి మొదటిది బరువు: పది పదకొండు అంగుళాలది దాదాపు అరకిలో. పడుకుని చదువుతూ నిద్రపోతే అది ముక్కు మీదే పడుతుంది. రెండోది, అసలు భయం: ట్యాబ్లెట్టులో ప్రతి పది నిమిషాలకూ ఎవడో ఒకడు గంట కొడతాడు. అర్ధరాత్రి దాకా ఫోనులో పీడీఎఫ్‌లు చదువుతున్నావనీ, పొద్దున్నే కళ్ళు ఎర్రగా ఉంటున్నాయనీ మీ అమ్మ ఇదీ చెప్పింది. ఆ ఫోను పక్క గదిలో పెట్టవే, నీకు దణ్ణం పెడతాను. చదివేది పుస్తకమేనని నాకు తెలుసు, కానీ ఒళ్ళు పాడైతే పుస్తకం వచ్చి కాపాడదు. ట్యాబ్లెట్టే కొనక తప్పకపోతే నోటిఫికేషన్లన్నీ మొదటి రోజే ఆపేసెయ్యి.

ఏ కంపెనీ అన్నదానికంటే ఎంత తాళం అన్నది, అంటే పుస్తకాలను వేరే చోట తెరవనీయకుండా ఎంత బిగించారన్నది చూసుకో. కోబో రీడరు ఈపబ్‌ను నేరుగా తెరుస్తుంది. అమెజాన్ వాళ్ళ కిండిల్‌లో కేబులుతో వేసిన ఈపబ్ తెరుచుకోదు. 2022 నుంచి సెండ్ టు కిండిల్ అనే వాళ్ళ సేవ ద్వారా పంపితే అదే మార్చి పెడుతుంది. ఆండ్రాయిడ్ ఉన్న ఈ-ఇంకు రీడర్లలో ఏ యాపైనా వేసుకోవచ్చు, ఛార్జి మాత్రం అంతగా నిలవదు. కొన్న పుస్తకాల సంగతి మరీ జాగ్రత్త. మైక్రోసాఫ్ట్ 2019 ఏప్రిల్‌లో తన పుస్తకాల దుకాణం మూసేసింది, డబ్బు వెనక్కిచ్చింది, జనం లైబ్రరీలు మాత్రం జులైలో మాయమయ్యాయి. అమెజాన్ 2025 ఫిబ్రవరి 26 నుంచి కొన్న పుస్తకాన్ని వెబ్‌సైటు నుంచి కంప్యూటరులోకి దించుకుని కేబులుతో కిండిల్‌లోకి వేసుకునే సౌకర్యం తీసేసింది. తాళం లేకుండా అమ్మేచోటు ఉంటే అక్కడే కొను, నీ స్కాన్లన్నీ రెండు వేర్వేరు డిస్కుల్లో దాచు. ఆ ఫైళ్ళన్నీ వరస పెట్టుకోవడానికి కాలిబర్ అనే సాఫ్ట్‌వేరు చాలు, ఉచితం.

బ్యాటరీ "ఆరు వారాలు" అని పెట్టె మీద ఉంటే మురిసిపోకు. ఆ లెక్క సాధారణంగా రోజుకు అరగంట చదివితే, వైఫై ఆపేసి ఉంచితే. 42 రోజులకు 21 గంటలన్నమాట, నీకు వారం వస్తే గొప్ప. అయినా చాలు.

ఇంటికొచ్చాక, వాపసు గడువు దాటకముందే మూడు పనులు. చీకటి గదిలో తెల్ల పేజీ తెరిచి లైటు సన్నగా పెట్టు. కింది అంచున నీడలు కొద్దిగా ఉంటే మామూలే, సగం తెర పసుపు సగం నీలం అయితే వెనక్కి పంపు. "లక్ష్మి, జ్యోత్స్న, స్త్రీ, ధర్మం" అని టైపు చేసిన తెలుగు ఈపబ్ ఒకటి వేసి చూడు. ఒత్తులు కిందికి దిగకుండా పొల్లులతో విడివిడిగా పడితే ఆ సాఫ్ట్‌వేరుకు తెలుగు కూర్పు రాదని అర్థం, ఫాంటు మార్చినా బాగుపడదు. నీ దగ్గరున్న అన్నిటికంటే బరువైన స్కాను, వంద ఎంబీ పైనది, వేసి యాభై పేజీలు వరసగా తిప్పు. మధ్యలో బిగుసుకుపోతే నీ పనికి పనికిరాదు. ఎవరైనా వాడినది ఇస్తామంటే, పాత ఖాతా తీసేసి నీ ఖాతాతో తెరిచి చూపించాకే తీసుకో.

ఇక సంచి సంగతి. ఈ తెరల్లో చాలావాటికి వెనక పలకగా పల్చటి గాజు ఉంటుంది. బయటికి గీత కూడా కనపడదు, లోపల గాజు విరిగి, సగం పేజీ గీతలతో గడ్డకట్టిపోతుంది. అది బాగుచేయించే ఖర్చుకు ఇంకాస్త వేస్తే కొత్తదే వస్తుంది. విరిగేది కిందపడి కంటే నొక్కుడు వల్లే ఎక్కువ: సంచిలో ఛార్జరు మొన తగిలి, నీళ్ళ సీసా ఒరిగి, మంచం మీద వదిలేస్తే ఎవరో కూర్చుని. 10.3 అంగుళాలదైతే పలక పెద్దది, వంగే ప్రమాదమూ పెద్దదే. గట్టి అట్ట ఉన్న కవరు మిషనుతోపాటే తెప్పించు, తర్వాత చూద్దాంలే అనకు. సంచిలో వీపు వైపు అరలో, తెర నీ వీపుకేసి ఉండేలా పెట్టు. నీ సంచి నేను చూశాను, అందులో సీసా మూత ఎప్పుడూ సగమే బిగించి ఉంటుంది.

ఆ మూడు కాగితాలూ రేపు సాయంత్రం అచ్చు తీసి చదివి, ఎన్నో శాతం దగ్గర కళ్ళు తేలిక పడ్డాయో రాత్రికి ఫోన్ చేసి చెప్పు. ఆ తర్వాతే ఆర్డరు.

ప్రేమతో,
పెద్దమ్మ