పసుపు సారం ఎలుకలకు హాని చేయకపోతే, మనకూ చేయదని అనుకోవచ్చా?

పూర్తిగా అనుకోలేము. ఇలాంటి పరీక్షలో సాధారణంగా 90 రోజుల పాటు ఒక గుంపు ఎలుకలకు మామూలు మేత, మిగిలిన మూడు గుంపులకు తక్కువ, మధ్యస్థ, ఎక్కువ మోతాదుల్లో సారం ఇస్తారు. వారంవారం వాటి బరువు, తిన్న మేత తూచి, చివర రక్తం పరీక్షించి, కాలేయం, మూత్రపిండాల పలుచని ముక్కలను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. హాని కనబడని అత్యధిక మోతాదు ఎంత అన్నదే ఇక్కడ కావలసిన సంఖ్య.

పసుపులోని కర్క్యుమిన్‌కు, ఎలుకల్లో కొన్ని తరాల పాటు సాగిన అధ్యయనంలో, ఆ మోతాదు శరీర బరువు కిలోకు రోజుకు 250 నుంచి 320 మిల్లీగ్రాములుగా తేలింది. మనిషికీ ఎలుకకూ, మనిషికీ మనిషికీ ఉండే తేడాలను దృష్టిలో పెట్టుకుని, దానిని సుమారు 100తో భాగించి, ఆహారంలో వాడే కర్క్యుమిన్‌కు ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ), ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ)ల సంయుక్త నిపుణుల సంఘం రోజుకు కిలోకు 3 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 180 మిల్లీగ్రాములు. పప్పులో వేసే చిటికెడు పసుపుతో అంత దూరం పోము. 500 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ క్యాప్సూల్ ఒక్కటి మింగితే చాలు, దాటేస్తాము.

ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం ఇస్తే ఎలుకలకూ హాని కలగవచ్చు: అమెరికాలో 1993లో వెలువడిన రెండేళ్ల అధ్యయనంలో, మేతలో 5 శాతం పసుపు సారం తిన్న మగ ఎలుకల జీర్ణాశయంలోనూ పేగుల్లోనూ పుండ్లు కనిపించాయి.

పైగా మిరియాలలోని పైపరిన్ కలిస్తే కర్క్యుమిన్ రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. ఈ పెరుగుదల ఎలుకల్లో కన్నా మనుషుల్లోనే చాలా ఎక్కువ. కనుక ఒట్టి సారంతో చేసిన పరీక్షను, మిరియాల సారం కలిపిన మాత్రకు హామీగా చూపడం నా దృష్టిలో సరికాదు.