సినగాగ్‌లో చెప్పులు ఎక్కడ విడవాలి?

ప్రశ్న: నాతో పనిచేసే యూదు స్నేహితురాలు వచ్చే శనివారం వాళ్లబ్బాయి బార్ మిట్స్వాకి (పదమూడేళ్లు వచ్చిన పిల్లవాడికి చేసే వేడుక) వాళ్ల ప్రార్థనామందిరం సినగాగ్‌కు పిలిచింది. చీర, బొట్టుతో వెళ్లొచ్చా? చెప్పులు ఎక్కడ విడవాలి? బహుమతి ఏమివ్వాలి? తెలియక ఏ తప్పు చేస్తామోనని నాకూ మావారికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. మా పక్కింటి అబ్బాయి బార్ మిట్స్వాకి నేనూ నేతచీర కట్టుకుని, బొట్టుతోనే వెళ్లాను. భుజాలు కప్పే జాకెట్టు ఉంటే చాలు. అక్కడ చెప్పులు విడవరు, మగవాళ్లు తల కప్పుకుంటారు. గుమ్మం దగ్గర బుట్టలో కిప్పా అనే చిన్న గుండ్రటి టోపీలుంటాయి, మీవారు ఒకటి పెట్టుకోవాలి. పక్కన వేలాడే కుచ్చుల శాలువాలు మాత్రం యూదులవి, వాటిని తీసుకోవద్దు. వాళ్లది ఆర్థడాక్స్, అంటే పాత సంప్రదాయాలను గట్టిగా పాటించే సినగాగ్ అయితే ఆడా మగా విడిగా కూర్చోవాలి, ముందే కనుక్కోండి.

బ్యాగులు వెతికితే నొచ్చుకోకండి. 2018లో పిట్స్‌బర్గ్‌లో ఇలాంటి శనివారం ప్రార్థనలోనే 11 మందిని కాల్చి చంపారు. ఆ భయం వాళ్లకింకా పోలేదు.

ప్రార్థన రెండు మూడు గంటలుంటుంది. అందరూ లేచినప్పుడు లేవండి, కూర్చున్నప్పుడు కూర్చోండి. మీరు చదవాలని ఎవరూ అనుకోరు. పుస్తకం మాత్రం మనకు వెనక అట్ట అనిపించే వైపు నుంచి తెరవాలి, హీబ్రూ కుడి నుంచి ఎడమకు చదువుతారు. చుట్టగా ఉండే వాళ్ల పవిత్ర గ్రంథం తోరా ఉంచిన బీరువా తెరిచినప్పుడు అందరూ లేస్తారు.

అసలు చూడాల్సింది పిల్లవాడు తోరా చదవడం. చేత్తో రాసిన ఆ చుట్టలో అచ్చుల గుర్తులుండవు, రాగం గుర్తులూ ఉండవు. పదమూడేళ్ల పిల్లవాడు అవన్నీ నెలల తరబడి నేర్చుకుని చదవాలి. మా పక్కింటి అబ్బాయి ఒక మాట దగ్గర తడబడితే పక్కన నిలబడ్డ పెద్దాయన మెల్లగా అందించారు. వాడు ఆ మాటను మళ్లీ సరిగ్గా పలికి ముందుకెళ్లాడు. మా నాన్నగారు నమకం నేర్పేటప్పుడు స్వరం తప్పితే అలాగే వెనక్కి తెచ్చేవారు. ముందు వరసలో వాళ్లమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి, వింటూ వింటూ పాఠం ఆవిడకీ వచ్చేసింది కాబోలు. చదవడం అయ్యాక చాలాచోట్ల పిల్లవాడి మీద మెత్తటి చాక్లెట్లు విసురుతారు, మన అక్షింతల్లాగా. మీ చేతికీ రెండిస్తారు, విసరండి.

ఫోన్ తీయకండి, ఫొటోలు వద్దు. షబ్బత్ నాడు, అంటే వాళ్ల విశ్రాంతి దినమైన శనివారం, డబ్బు ముట్టరు కాబట్టి కవరు అక్కడ ఇవ్వకుండా తర్వాత ఇంటికి పంపండి. మనకు నూటపదహారు ఎలాగో వాళ్లకు 18 అలాగ. హీబ్రూలో 'జీవం' అనే మాటలోని అక్షరాల విలువ కలిపితే 18 వస్తుంది. అందుకే 36, 54, 180 డాలర్లు ఇస్తుంటారు.

తర్వాత ఫలహారాలు పెడతారు. మీరు శాకాహారులైతే తెల్లటి సలాడ్ కనిపించినప్పుడు అడిగి వేసుకోండి, చాలాసార్లు అందులో చేప ఉంటుంది. ఎదురైన వాళ్లంతా 'షబ్బత్ షాలోమ్' అంటారు, మీరూ అదే అనండి. పిల్లవాడికి మాత్రం 'మజల్ తోవ్', అంటే శుభాకాంక్షలు, చెప్పండి.