శబ్దం లేని మాటపై పీహెచ్‌డీ

ప్రశ్న: ఈసీఈలో ఎం.టెక్ చేస్తున్నాను. గొంతు పోయినవారు పెదవులు కదిపితే చాలు, మాటను గుర్తించే పరికరాలపై పీహెచ్‌డీ చేయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు మామూలు స్పీచ్ రికగ్నిషన్ గట్టిగా పట్టండి. ఆ తర్వాత ముఖ కండరాల విద్యుత్ సంకేతాలు, అంటే ఈఎంజీ. శబ్దం రాకున్నా, చర్మంపై అతికించే ఎలక్ట్రోడ్లు (సంకేతాన్ని పట్టే చిన్న బిళ్లలు) వీటిని అందుకుంటాయి. బుగ్గ, గడ్డం కింద, మెడ మీద కలిపి 6 నుంచి 8 ఛానెళ్లు (సంకేతం తీసే చోట్లు), చెవి వెనక ఎముకపై రిఫరెన్స్ (మిగతావాటిని పోల్చే ఎలక్ట్రోడ్), సెకనుకు 1000 శాంపిళ్లు (కొలతలు) చాలు. సంకేతం చాలా బలహీనం, 50 హెర్ట్జ్ కరెంటు రొద దాన్ని ముంచేస్తుంది. ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని తీసేసే నాచ్ ఫిల్టర్ పెట్టి, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీదే నడపండి. చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచాకే ఎలక్ట్రోడ్ అతికించాలి.

అసలు చిక్కు మర్నాడు మొదలవుతుంది. ఎలక్ట్రోడ్ కొద్ది మిల్లీమీటర్లు జరిగినా నిన్నటి రికార్డింగులతో శిక్షణ ఇచ్చిన మోడల్ తడబడుతుంది. అందుకే శిక్షణకూ పరీక్షకూ వేర్వేరు రోజుల రికార్డింగులు వాడండి. ఒకే సిట్టింగ్‌ను రెండుగా చీల్చి చూపే ఫలితాలను నమ్మకండి.

తెలుగులో ఇంకో ఇబ్బంది: పాట, బాట, మాట... మూడింటికీ పెదవి కదలిక ఒకటే. విడి పదాలు కాకుండా వాక్యాలు రికార్డు చేస్తే లాంగ్వేజ్ మోడల్ (ఏ పదం పక్కన ఏది రావచ్చో అంచనా వేసే ప్రోగ్రామ్) సందర్భాన్ని బట్టి తేల్చగలదు.

ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేసి గొంతు పోయినవారికి మెడ కండరాల అమరికే మారిపోతుంది. తోటి విద్యార్థుల డేటా ఒక్కటే సరిపోదు. ఆసుపత్రితో కలిసి పనిచేయాలి. ఎథిక్స్ కమిటీ అనుమతికి మొదటి ఏడాదే దరఖాస్తు పెట్టండి.