మంచు దేశం నుంచి కడప ఎండకు పిల్లాడు వస్తున్నప్పుడు

కెనడాలో నెలల తరబడి మంచులో ఉన్న నాలుగేళ్ల బాబును మార్చి చివర్లో కడపకు తెస్తున్నామని, ఎండకు తట్టుకుంటాడో లేదోనని టెన్షన్‌గా ఉందని రాశారు. ఏసీ వేస్తే జలుబు చేస్తుందని అత్తమ్మ అంటున్నారనీ చెప్పారు. తప్పకుండా తీసుకురండమ్మా. అవ్వాతాతలు ఎదురుచూస్తుంటారు.

ఒంటికి ఎండ అలవాటు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అందుకే మొదటి వారం చుట్టాలిళ్లకు తిరగడం పెట్టుకోకండి, ఎవరేమనుకున్నా సరే. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదున్నర దాటాకే బయట ఆటలు. ఆటలో పడితే పిల్లలకు దాహం గుర్తుండదు. వాడు అడగకముందే నీళ్లు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఇస్తూ ఉండండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్లు చాలడం లేదని అర్థం. ఒళ్లు కాలిపోతూ మత్తుగా పడి ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఏసీ గురించి అత్తమ్మతో వాదన వద్దు. జలుబు వైరస్ వల్ల వస్తుంది నిజమే, కానీ ఆమె భయమంతా మనవడి మీద ప్రేమే కదా. 26, 27 దగ్గర పెట్టి, గాలి నేరుగా తగలకుండా మధ్యాహ్నం బాబును ఆమె పక్కనే పడుకోబెట్టండి. సంగటి ముద్ద కూడా ఆమె చేత్తోనే తినిపించనివ్వండి.

శ్రీరామనవమి అయ్యాక పున్నమి దాకా ఇక్కడే ఉంటే, ఒంటిమిట్ట రాములవారి కల్యాణం చూడొచ్చు. అది రాత్రిపూటే కాబట్టి ఎండ బాధ ఉండదు. జనం మాత్రం విపరీతం, బాబు చెయ్యి వదలొద్దు. జాకెట్లు తిరుగు ప్రయాణంలో చేతిసంచిలోనే పెట్టుకోండి. ఏప్రిల్‌లో అక్కడ ఇంకా చలే.